పక్క సీటు కాలిపలక

ఫిబ్రవరి 6

మా ఆయనకి పిచ్చి ముదిరింది. గడియారాల పిచ్చి పాతదే. ఇప్పుడది కారెక్కింది.

వాళ్ళ మేనమామ ఇచ్చిన పాత రెండు తలుపుల కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని ఏళ్ళ తరబడి నిద్రపోతోంది కదా, ఇవాళ దాన్ని లేపారు. పాత కార్ల ర్యాలీ ఒకటి జరుగుతుందట. పందెం కాదట, ముందొచ్చినవాళ్ళు గెలవరట. ఇంత సగటు వేగంతో వెళ్ళాలని కాగితం ఇస్తారట, ఒక్కో మజిలీకి సరిగ్గా ఆ వేళకే చేరాలట. ముందు చేరినా మార్కులు పోతాయి, ఆలస్యమైనా పోతాయి.

"అది డ్రైవర్ల ఆట కాదే, గడియారాల ఆట," అన్నారు, మొహం చేటంత చేసుకుని. పొద్దస్తమానం కొట్లో కూర్చుని ఊరందరి గడియారాలు బాగుచేసే మనిషికి ఇంకేం కావాలి?

"బాగానే ఉంది. మీకు సైకిలు తప్ప ఇంకేదీ రాదు. నడిపేదెవరు?" అన్నాను.

నావైపు చూశారు.

"నేను నడపను."

"సరే," అన్నారు. ఆయన అంత తొందరగా సరే అన్నారంటే ఒప్పుకోలేదని లెక్క.

ఫిబ్రవరి 7

నడపను.

ఫిబ్రవరి 12

కారు లోపలి పనికి సైలెన్సర్ వచ్చాడు. సీట్లు కుట్టడం దగ్గర్నుంచి డాష్‌బోర్డు పనుల దాకా అన్నీ చేస్తాడు. నోరు మూతపడదు కాబట్టి ఎవరో పుణ్యాత్ములు ఆ పేరు పెట్టారు, అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. నా డ్రైవింగ్ స్కూల్లోనే నేర్చుకున్నాడు.

"టీచరమ్మా, మళ్ళీ స్టీరింగ్ పడుతున్నారటగా!"

"ఎవరన్నారు?"

"సారే చెప్పారు."

సారు సరిగ్గా అప్పుడే ఏదో బల్బు పట్టుకుని లోకాన్ని మరిచిపోయారు.

లోపల పెట్టే ప్రతి వస్తువూ కారు పుట్టిన కాలం నాటిదిలా కనిపించాలట. ప్లాస్టిక్ కనిపిస్తే తనిఖీలోనే వెనక్కి పంపిస్తారట. డాష్‌బోర్డు చెక్కది. దానికి కొత్తగా ఒక్క బెజ్జం వేసినా ఊరుకోనని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు, నాకేం పని? సైలెన్సర్ డాష్‌బోర్డు కిందికి దూరి పడుకుని, అడుగున ఉన్న పాత మరలు వెతికి పట్టుకుని, వాటికే ఒక చిన్న పలక వేలాడదీశాడు. దాని మీద రెండు గడియారాలు: ఒకటి అసలు వేళకి, ఒకటి మజిలీ వేళకి. తీసేస్తే మచ్చ కూడా ఉండదు. గడియారాల ముఖాలు మా ఆయనే చేశారు. కాగితం మరీ తెల్లగా ఉందని టీ డికాక్షన్‌లో ముంచి తీగ మీద ఆరేశారు. ఇంట్లో టీపొడి అయిపోయింది.

మ్యాపు చూసుకోవడానికి మెడ వంగే దీపం, తలుపుకి తోలు సంచి, పక్క సీటాయన పట్టుకోవడానికి పిడి. ఒక్కొక్కటే బిగుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. చూస్తే తప్పేముంది?

"ఇక కాలిపలక ఒకటి కావాలి," అన్నాడు సైలెన్సర్. "పక్క సీటు ముందు ఏటవాలుగా ఒక అల్యూమినియం రేకు. మలుపుల్లో కాళ్ళు తన్నిపెట్టుకోవడానికి. అది లేకపోతే సారు మొహం వెళ్ళి మ్యాపులో పడుతుంది. అసలు సంగతి ఇంకోటుంది టీచరమ్మా. పక్కన కూర్చున్నవాడు లేని బ్రేకు తొక్కుతాడు. రేకుంటే నేల మిగులుతుంది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 15

నిద్ర పట్టక ఇది రాస్తున్నాను అని రాద్దామనుకున్నాను. అబద్ధం, బాగానే పడుకున్నాను. ఉదయం టీ తాగుతూ రాస్తున్నాను.

స్కూలు కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేను తొక్కేదాన్ని. మొదటి రోజే చెప్పేదాన్ని: "నా కాలు పడిందా, నువ్వు దిగు." దిగి వెనక సీట్లో కూర్చోవాలి, ఆ రోజుకి అంతే. మొగవాళ్ళూ ఆడవాళ్ళూ, పెద్ద పెద్ద ఉద్యోగాలవాళ్ళూ, అందరూ రోడ్డు చూడడం మానేసి నా కాలు చూసేవాళ్ళు. రోడ్డు చూడండయ్యా అని మొత్తుకునేదాన్ని.

పోయిన వానాకాలం పంపుహౌస్ మలుపులో దిగుతుంటే అదే కారు నా చేతుల్లోంచి జారిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. ఎవరి తప్పూ లేదు, నాది తప్ప. వేగం ఎక్కువైంది. కారు గట్టు దిగి బోల్తా పడింది. పక్కన కూర్చున్న ఆయనకి మెడ కింది ఎముక విరిగింది, కుడి మోకాలు చితికింది. నాకు గీత కూడా పడలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

స్కూలు బోర్డు తీయించేశాను. ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి కట్టుకున్న మొగుణ్ణి గట్టు కింద పడేసిందంటే, ఇక ఎవరొస్తారు నేర్చుకోవడానికి? వచ్చినా నేను నేర్పను.

ఆయన ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 19

కారు షెడ్డులోంచి గేటు దాకా తెచ్చాను. ఇంజను ఎలా ఉందో వినడానికి, అంతే.

ఫిబ్రవరి 20

గేటు దగ్గర వంపు ఉంది కాబట్టి ఇంజను సరిగ్గా వినపడలేదు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. క్లచ్ గట్టిగా ఉంది. స్టీరింగ్ బరువు, కానీ మాట వింటుంది. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు, లోపలికి వెళ్ళిపోయారు. లోపల్నుంచి కూనిరాగం వినపడింది.

ఫిబ్రవరి 24

మొదటిసారి ఇద్దరం వెళ్ళాం. ఆయన ఒళ్ళో మ్యాపు, చేతిలో పెన్సిలు, ఎదురుగా టీలో తడిసిన గడియారాలు. "నాలుగొందల మీటర్లకి ఎడమ. వేగం అలాగే." గొంతు మాత్రం రేడియోలో వార్తలు చదివేవాడిలా ఉంది. అబ్బో, ఇదొకటుందా ఈ మనిషిలో అనుకున్నాను.

లారీ ఒకటి అడ్డంగా తిరుగుతుంటే బ్రేకు వేశాను. పక్కనుంచి ధడ్‌మని చప్పుడు.

కాలిపలక. ఆయన కాలు.

నా కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచిపోయింది. ఇంటికొచ్చేదాకా మళ్ళీ సరిగ్గా పడలేదు. రెండు మజిలీల్లోనూ ఆలస్యం.

"భయమేసిందా?" అన్నాను.

"ఛ, ఛ. దేనికి?" అన్నారు.

ఫిబ్రవరి 25

సైలెన్సర్ ఆ రేకుకి నల్లరంగు వేశాడు. కొత్త రంగు కదా, చెప్పు తగిలిన ప్రతిచోటా గీత పడింది. ఊరికే వంగి చూశాను. మడమ దగ్గర గీతలు సన్నగా ఉన్నాయి, కాళ్ళు ఆనించుకున్నవి. వేళ్ళ దగ్గర మాత్రం రంగు లేచిపోయి రేకు మెరుస్తోంది. అది ఆనించుకున్నది కాదు, తొక్కినది. కాళ్ళ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 27

రేకు తుడిచి సుద్దపొడి పల్చగా జల్లాను. అనుమానంతో కాదు. ఒక వస్తువు బిగించాక అది ఎలా పనిచేస్తోందో చూడాలి కదా. అంతే, ఆసక్తి.

సాయంత్రం వెళ్ళొచ్చాక టార్చి వేసి, దారిలో విన్న చప్పుళ్ళతో జతచేసుకుంటూ చూశాను. మార్కెట్ కూడలి దగ్గర అయ్యుండాలి, ఎడమ కాలు. స్కూలు పిల్లలు దాటినప్పుడు రెండు కాళ్ళూ. తిన్నటి రోడ్డులో ఏమీ లేదు. కొండ దారి మొదటి మలుపుకి కుడి కాలు, గట్టిగా, ఆ చితికిన మోకాలితోనే.

పంపుహౌస్ మలుపుకి ఇంకా వెళ్ళలేదు. ర్యాలీ దారిలో అది ఉంది.

మార్చి 2

ఇవాళ రేకు మీద గుర్తులు పది దాకా లెక్కపెట్టి మానేశాను.

మా చెల్లెలు ఫోను చేసి "బావగారు నీ పక్కన కూర్చుంటున్నారట కదా, ధైర్యమే!" అంది. నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండి పెట్టేశాను. పాపం, దానిదేం తప్పు లేదు. రేపు చేస్తాను.

నాకు తెలుసుకోవలసింది ఒక్కటే. ఆయన నన్ను నమ్ముతున్నారా, లేదా. నోటితో అడిగితే "ఛ, ఛ" అంటారు. నమ్మకపోతే ర్యాలీ వద్దు, ఏదీ వద్దు, తాళం చెవి ఆయన చేతిలో పెట్టేసి ఇంక స్టీరింగ్ జోలికే పోను. నా కారులో నేను పెట్టిన రూలు నాకు మాత్రం వర్తించదా?

మార్చి 5

రేకు మీద ఒక్క గుర్తు లేదు!

రెండుసార్లు చూశాను. టార్చి పెట్టి, పక్కనుంచి, పైనుంచి. చల్లిన సుద్ద చల్లినట్టే ఉంది. మార్కెట్, స్కూలు, కొండ దారి, అన్నీ తిరిగాం. ఒక్కసారి కూడా తొక్కలేదు.

రాత్రి వంట చేస్తూ పాట పాడానట. ఆయనే చెప్పారు.

మార్చి 6

ఈరోజూ లేదు. వేళకి చేరాం, రెండు మజిలీల్లోనూ.

మార్చి 7

లేదు.

మార్చి 8

కుర్చీలోంచి లేవబోయి కూలబడ్డారు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. "ఏమైంది?" అంటే "కూర్చుని కూర్చుని పట్టేసింది," అన్నారు. గడియారాల కొట్లో అంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటారు, అప్పుడెందుకు పట్టెయ్యదు?

వెళ్ళి కారు చూశాను. పక్క సీటు అడుగున, ముందు కడ్డీకి రెండు వైపులా తివాచీ నలిగిపోయి ఉంది. కాళ్ళు సీటు కిందికి ముడుచుకుని, కడ్డీకి మెలిపెట్టి కూర్చుంటున్నారు. ఆ మోకాలితో. మూడు రోజులుగా. పలక తొక్కకుండా ఉండడానికి.

ఆ మూడు రోజులూ పాటలు పాడాను, నా మొహం.

మార్చి 9

డాక్టరు వాపుకి మందిచ్చారు. కాలు చాపుకోమన్నారు.

కాలి కింద తలగడ పెట్టాను.

మార్చి 13

పాత స్కూలు కారు సామానులోంచి నా బ్రేకు పెడల్ వెతికి తీశాను. దుమ్ము తుడిచాను. రబ్బరు మీద నా కాలి అరుగుదల ఇంకా ఉంది.

సైలెన్సర్‌ని పిలిపించి, కాలిపలక తీసేసి అక్కడ ఈ పెడల్ బిగించమన్నాను. కడ్డీతో అసలు బ్రేకుకి కలిపి.

వాడు జీవితంలో మొదటిసారి కాసేపు మాట్లాడలేదు.

"టీచరమ్మా, ఇది ఆ కాలం సామాను కాదు. తనిఖీలో పట్టేస్తారు."

"తనిఖీ వేళకి తీసేద్దాం."

"సారుకి చెప్పారా?"

"బిగిస్తావా, నన్ను బిగించుకోమంటావా?"

బిగించాడు. భద్రత కోసమే పెట్టించాను. భయపడేవాళ్ళకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. కోపంతో కాదు. చదువుకుంటే కోపంతోనే అని నాకే తెలుస్తోంది.

మార్చి 14

పొడుగ్గా రాయాలి. మరిచిపోకముందే.

ఆయన తలుపు తీసి, కింద పెడల్ చూసి ఆగారు. నా మొహం చూశారు. ఎక్కి కూర్చుని మ్యాపు తీశారు. "మొదటి ఎడమ," అన్నారు.

నేను తిన్నగా కొండ దారి పట్టాను. పంపుహౌస్ వైపు. ఆయన "ఇవాళ్టి దారి ఇది కాదు" అనలేదు. గడియారాలు చూసుకుంటూ కూర్చున్నారు.

మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యదాకా కంకర పోసి ఉంది. బ్రేకు తొక్కాను, గేరు తగ్గించాను, స్టీరింగ్ తిప్పలేదు, అన్నీ నేను పదిమందికి నేర్పినట్టే చేశాను. కారు కాస్త ఊగి, కంకరకి బారెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. పక్షి అరుపు కూడా లేదు.

పక్కకి చూశాను. ఆయన కాళ్ళు సీటు కింద ఉన్నాయి. పెడల్‌కి తగల్లేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎందుకు తొక్కలేదు?" అన్నాను. అరిచాను నిజానికి.

"ఏం తొక్కాలి?"

"బ్రేకు! నిజం బ్రేకు పెట్టించాను కదా మీకోసం. తొక్కాలనిపించలేదా?"

"అనిపించింది. చచ్చేంత అనిపించింది."

"మరి?"

"తొక్కితే బండి ఆగుతుంది కదే."

"ఆగడానికేగా పెట్టించింది!"

"ఆపేది నేనైతే ఇంక నడిపేది నువ్వెలా అవుతావు?" కాళ్ళు మెల్లగా ముందుకి చాపుకున్నారు, మోకాలు పట్టుకుని, పెడల్‌కి పక్కగా. "నాకు భయమే. అబద్ధమెందుకు? ఆ రేకుందే, దాన్ని ఎంత తొక్కినా బండికేం కాదు, నీకేం కాదు. నా భయమేదో నేను దాని మీద పడేసి హాయిగా కూర్చునేవాణ్ణి. నువ్వు సుద్ద జల్లి అదీ లేకుండా చేశావు."

"మీకు తెలుసా?"

"ప్యాంటు అంచులకి తెల్లగా అంటితే తెలియదూ? గడియారాలవాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాదు. ఇది గుర్తులు చూసుకుని బాధపడుతోంది కాబోలు అని కాళ్ళు ముడుచుకున్నా. అదీ ఎక్కువకాలం కుదర్లేదు."

"అంత భయమైతే ఎందుకొస్తున్నారు? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"నమ్మకం లేనివాడు కారు ఎక్కనే ఎక్కడు. ఎక్కి కూర్చుని భయపడేవాడు వేరు," అన్నారు. "ఇంకోటి చెప్పనా? నేను రేకు తొక్కినప్పుడల్లా నువ్వు యాక్సిలరేటర్ వదిలేస్తున్నావు. ఆ గడియారం చెబుతోంది నాకు. మన ఆలస్యమంతా అక్కడే ఉంది. నీ కారులో నీ కాలు పడితే వాళ్ళు దిగాలి, ఒప్పుకున్నా. నీ కింద బ్రేకుండేది కాబట్టి. నా కింద బ్రేకు లేదు, రేకుంది. నా కాలు పడితే నువ్వెందుకు దిగుతావు?"

స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చాను. ఆ వానాకాలం ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడం రాదు ఆయనకి. గడియారం ముల్లు ఆపి పెట్టారు, ఆ టైము లెక్కలోకి రాకూడదని. అది చూసి నవ్వొచ్చింది, ముక్కు కారుతూనే.

ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. ఇంకెవరు నడుపుతారు?

మార్చి 15

పెడల్ తీయించాను. పలక మళ్ళీ బిగిస్తూ సైలెన్సర్ చెప్పిన కబుర్లు రాయాలంటే ఈ పుస్తకం చాలదు. రేకు కొంచెం దగ్గరగా, కొంచెం ఏటవాలు తగ్గించి పెట్టమన్నాను, మోకాలికి సులువుగా ఉంటుందని. ఆయన కూర్చుని తన్ని చూసుకున్నారు.

"ఇంకాస్త గట్టి రేకు వెయ్యరా, వంగిపోతుందేమో," అన్నారు.

"అంత తొక్కుతారా సార్?"

"టీచరమ్మ నడపడం నువ్వెరగవా?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 22

ర్యాలీ అయింది. ఒళ్ళంతా పులిసిపోయింది. మాకు కప్పూ రాలేదు, గిన్నే రాలేదు. మధ్యలో ఎక్కడో ఉన్నాం. తనిఖీ చేసే పెద్దమనిషి దీపం మెడ వంచి చూసి, సంచి తోలు వాసన చూసి, గడియారాల ముఖాలు ఏ దేశం నుంచి తెప్పించారని అడిగాడు. మా ఆయన "మా వంటింటి నుంచి" అన్నారు. పెద్దమనిషికి అర్థం కాలేదు.

పంపుహౌస్ మలుపు మూడో మజిలీలో వచ్చింది. రాత్రి వాన పడి రోడ్డు తడిగా ఉంది. "నూరు మీటర్లకి ఎడమ, దిగుడు," అన్నారు ఆయన, అదే వార్తల గొంతుతో. ఆ మాట అయీ అవకముందే పక్కన ధడ్‌మని చప్పుడు. ఇంత గట్టిగా ఎప్పుడూ తొక్కలేదు. కారు అదిరింది.

నేను కాలు తీయలేదు.

కారు మలుపు చక్కగా తిరిగింది. కింద గట్టు కనిపించింది, వెనక్కి పోయింది.

"కాస్త తగ్గించు," అన్నారు.

ఒళ్ళు భగ్గుమంది. "ఎందుకు?"

"మూడు సెకన్లు ముందున్నాం."